సీతమ్మగారి ధ్యానం

ఉదయగిరి
2 మార్చి 1955

అక్కా,

చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు గనక ఎవరికీ చెప్పకుండానే బస్సెక్కాం. క్షేమంగా చేరామని తెలపడానికి ఈ జాబు.

మర్రిపాడులో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. నా ఒళ్ళో ఉన్న కెమెరా పెట్టె చూసి, "ఎవురు పోయినారు నాయనా?" అని అడిగాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. పెట్టె చూడగానే ఆయనకు శవం గుర్తొచ్చింది. ఈ తాలూకాలో నా బతుకు ఇలా ఏడ్చింది.

నీకు తెలియనిది కాదు. మనవాళ్ళకు బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయం. పోయాక మాత్రం ఫోటో లేకపోతే ఎలాగని పరుగెత్తుకొస్తారు. నీళ్ళు పోసి, కొత్త చీర కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి నాకు కబురు పెడతారు. గుడ్డల కొట్టు మూసి నేను పోవాలి. సరదాకు కెమెరా కొనుక్కున్న పాపానికి ఉదయగిరిలో నా పేరు శవాల మాల్యాద్రి అయింది. పెళ్ళి బట్టలు కావలసినవాళ్ళు నా కొట్టు గడప తొక్కడం మానేసి ఎదురు కొట్టుకు పోతున్నారు. ఈ చేత్తో చింపిన గుడ్డ శుభానికి పనికిరాదట.

మీ అత్తగారి ఫోటో నువ్వు ఏడుస్తూ అడిగావు గనక తీశాను. లేకపోతే మన బంధువుల శవాలు కూడా తీసే ఖర్మ నాకెందుకు? ఆ ఈగలు, ఆ అగరొత్తుల పొగ, వడిలిపోయిన ఆ చామంతుల వాసన ఇంకా నా చొక్కాను వదల్లేదు. సీతమ్మగారు కుర్చీలోంచి జారకుండా నడుముకు పంచె బిగించారు. తల వాలిపోతుంటే ఆమె చెల్లెలు సుబ్బరత్నమ్మగారు దుప్పటి చాటున నిలబడి, చెయ్యి మాత్రం బయటికి పెట్టి మెడ పట్టుకుంది. ఏడుపు ఆపుకోలేక ఆమె చెయ్యి వణికితే నేను, "కదిలించొద్దమ్మా, పాడైపోతాది" అని కసిరాను. చూశావా, ఈ పని మనిషిని ఎలా తయారుచేస్తుందో.

అయినా ఒక మాట చెప్పాలి. నిన్న ఆ ఫోటో పడిన గాజుప్లేటు కడిగి చూశాను. కిటికీ వెలుగు సరిగ్గా ఆమె చెంప మీద పడింది. మెడ పట్టుకున్న చెయ్యి కొంగు మడతల్లో కలిసిపోయి ఎవరికీ కనిపించదు. నేను కొండ మీది మబ్బులు తీశాను, తూర్పారబట్టే ఆడవాళ్ళను తీశాను, వరికుంటపాడు రైతుల ఎద్దులను తీశాను. ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. అదే నాకు వెగటుగా ఉంది.

ఆ మబ్బులూ ఎద్దులూ అన్నీ బొంబాయిలో ఒక ఫోటో సంఘం ఏటా పెట్టే ప్రదర్శనకు పంపినవే. 'సాధారణం' అని రాసి తిప్పి పంపారు. అక్కడ ఒక్క పతకం వస్తే చాలు, తర్వాత పరీక్షించి బిరుదు ఇస్తారు. పేరు వెనక మూడు ఇంగ్లీషు అక్షరాలు వేసుకోవచ్చు. కొట్టు బోర్డు మీద పెద్దగా రాయిస్తాను. అప్పుడు శవాల మాల్యాద్రి అని ఎవడంటాడో చూస్తాను.

బావను అన్నం మానొద్దని చెప్పు.

నీ తమ్ముడు
మాల్యాద్రి


ఆత్మకూరు
21 మార్చి 1955

మాల్యాద్రీ,

నీ జాబు చదివాను. మీ బావకు వినిపించలేదు. ఈగల సంగతి, వాసన సంగతి వినిపించే సంగతులా అవి? పోయింది దారిన పోయే మనిషైతే నీ రోత నువ్వు రాసుకో. ఆమె నాకు అత్త. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి పురుళ్ళకూ జబ్బులకూ నాకు పథ్యం వండిపెట్టిన మనిషి. ఇంకోసారి అలా రాస్తే జాబు చింపి పొయ్యిలో పెడతాను.

ప్రింటు ఎప్పుడు పంపుతావు? మీ బావ రోజూ అడుగుతున్నారు. ఎందుకో నీకు తెలుసు, అయినా చెబుతాను. ప్రాణం పోయేటప్పటికి ఆయన వేరుశనగ బేరానికి నెల్లూరు పోయి ఉన్నారు. వచ్చేసరికి ఆమె కళ్ళు మూసేశారు. "మా అమ్మ పోతా పోతా నన్ను చూడలేదే" అని ఆ మనిషి విస్తరి ముందు నుంచి ముద్ద ముట్టకుండా లేచిపోతున్నారు. కొండయ్యతో మాట్లాడి పెట్టాను. షాపులకు బోర్డులు రాసే కొండయ్యే. ఫోటో మీద కళ్ళు తెరిచినట్టు వేయడంలో ఆత్మకూరులో అతన్ని మించినవాడు లేడు. ప్రింటు రాగానే కళ్ళు వేయించి, పటం కట్టించి, సంవత్సరీకం నాటికి గోడకు పెట్టాలి. అమ్మ చూస్తుండగా పిండం పెట్టాలని ఆయన పట్టు.

సుబ్బరత్నమ్మ చిన్నత్త తన ఊరు చేజర్లకు తిరిగి పోలేదు. మా దగ్గరే ఉండిపోయింది. అక్కడ మాత్రం ఆమెకు ఎవరున్నారు? ఆమెదీ అదే మాట. "మా అక్క కళ్ళు మూసుకోని కూసున్న దినం నేను చూళ్ళేదు. పండుకున్నా ఒక కన్ను పొయ్యి మీదే" అంటుంది. అక్కాచెల్లెళ్ళు ఒకే అచ్చు కదా. ఆమె వంటింట్లోంచి బయటికి వస్తుంటే మీ బావ ఒక్కోసారి ఉలిక్కిపడి లేచి నిలబడతారు.

ఈ ఏడు చింతపండు బాగా వచ్చింది. నీకో బుట్ట కట్టించి ఉంచాను, ఎవరైనా వస్తే పంపుతాను. నీ బిరుదులు నువ్వు తెచ్చుకో, నేను వద్దనను. ముందు నా ప్రింటు పంపు.

ఎదురుచూస్తూ,
కామాక్షమ్మ


ఉదయగిరి
18 మే 1955

అక్కా,

ఆలస్యమైంది, కోప్పడకు. పెళ్ళిళ్ళ గిరాకీ అని చెప్పాలని ఉంది గాని, పెళ్ళివాళ్ళు నా కొట్టుకు రారని ముందే రాసుకున్నాను. ఈ ఎండలకు చీకటిగదిలో ఫోటోలు కడిగే మందునీళ్ళు కాచినట్టు వేడెక్కిపోతున్నాయి. ప్రింట్లు తీయడం కుదరలేదు.

ఒక మాట సూటిగా చెబుతాను. కొండయ్య చేతికి ఆ ఫోటో ఇవ్వను. అతను వేసే కళ్ళు ఎప్పుడైనా తేరిపార చూశావా? ఊరంతటికీ ఒకటే జత. మన నారాయణయ్య తాత పటానికీ అవే, పురిట్లో పోయిన ఆయన మనవరాలికీ అవే, కాటుకతో సహా. తాత పటం చూస్తే నాటకంలో ఆడవేషం గుర్తొస్తుంది. ఆ ఇంట్లో అన్నానికి కూర్చుంటే గోడ మీద నుంచి నలుగురైదుగురు ఒకే కళ్ళతో నన్ను చూస్తారు, ముద్ద దిగదు. నేను కిటికీ రెక్క ఓరగా వేసి, దుప్పటి కట్టి, వెలుగు కోసం అంత కష్టపడితే, దాని మీద అతను బోర్డుల బ్రష్షు పెడతాడా? తలుచుకుంటేనే కంపరం.

ప్లేటు బొంబాయికి పంపాను. అక్కడ పని తెలిసిన పెద్దలున్నారు. వాళ్ళ చేతుల్లో పడితేనే ఆ ముఖానికి న్యాయం జరుగుతుంది. తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. సంవత్సరీకానికి చాలా గడువుంది కదా. బావను ఓపిక పట్టమను.

చింతపండు అందింది. మీ మరదలు మెచ్చుకుంది, ఆమె మెచ్చుకోవడం అరుదు.

మాల్యాద్రి


ఆత్మకూరు
5 జూన్ 1955

నాయనా మాల్యాద్రీ,

నిన్ను అనవసరంగా తిట్టాను. పెద్దదాన్ని, మనసులో పెట్టుకోకు. కళ్ళు వేయించడానికి నువ్వు ఏకంగా బొంబాయికే పంపావని తెలిసి మీ బావ నాచేత ఆ జాబు రెండుసార్లు చదివించుకున్నారు. "మాల్యాద్రి మాటలు పెడసరం గాని మనసు వెన్న" అన్నారు. ఆయన నిన్ను మెచ్చుకోవడం నేను పుట్టి ఎరగను.

కొండయ్యకు వద్దని చెప్పి పంపాం. బజారులో అందరికీ తెలిసిపోయింది. సీతమ్మకు బొంబాయి కళ్ళు వస్తున్నాయని వీధిలో ఆడవాళ్ళు వచ్చి అడిగి పోతున్నారు. పోయిన ఏడు తండ్రికి కొండయ్య చేత కళ్ళు వేయించిన పిచ్చయ్య, తొందరపడ్డామే అని మీ బావ ముందు నొచ్చుకున్నాడట.

చిన్నత్తను అడిగి ఇది రాస్తున్నాను. అత్తకు ఎడమ కన్ను కుడి కంటి కన్నా కొంచెం చిన్నది. నవ్వితే ఇంకా చిన్నదవుతుంది. పనివాళ్ళకు తెలియదు కదా, రెండూ సమానంగా వేసేస్తే ఆమె కాదు ఇంకెవరో అవుతుంది. ఈ సంగతి వాళ్ళకు ఇంగ్లీషులో మంచిగా రాయి. చూపు కొంచెం కిందికి ఉండాలి. మీ బావ పీట మీద కూర్చుంటే ఆయన మీద పడాలి.

వానలు పడితే విత్తనాల పని. మాకు ఇంట్లో క్షణం తీరిక ఉండదు. నా మరదలూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

దీవెనలతో,
అక్క


ఉదయగిరి
24 ఆగస్టు 1955

అక్కా,

పతకం వచ్చింది. వెండిది, ఆ సంఘం ఇచ్చేవాటిలో అదే పెద్దది. మనుషుల ముఖాల తరగతిలో దేశమంతటికీ మొదటిది. మీ అత్తగారి ఫోటోకే.

ఎడమ కంటి సంగతి వాళ్ళకు రాయలేదు. రాయవలసిన అవసరం పడలేదు. అదంతా కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

న్యాయనిర్ణేతలు ఏం రాశారో తెలుసా? 'ఈ వృద్ధురాలి ముఖంలో ప్రాణం తొణికిసలాడుతోంది. ఊపిరి తీసుకోవడానికీ వదలడానికీ మధ్య క్షణాన్ని ఛాయాగ్రాహకుడు పట్టుకున్నాడు' అని. చదివితే నవ్వు రాలేదు, డోకు వచ్చింది. బొంబాయిలో సూట్లు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులు. ఎదురుగా ఉన్న మనిషిలో ఊపిరి ఉందో లేదో తెలుసుకోలేనివాళ్ళు. వీళ్ళా నా మబ్బుల్ని సాధారణం అన్నది? వీళ్ళా నా ఎద్దుల్లో జీవం లేదన్నది? వాళ్ళ మెప్పు కోసం ఇన్నేళ్ళు స్టాంపులు నాకి నాకి అంటించాను.

అయినా నిజం చెబుతాను. ఆ పతకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. ఈ ఊళ్ళో నిన్నటిదాకా నన్ను చూసి పక్కకు తప్పుకున్నవాళ్ళు ఈరోజు కొట్టు ముందు నిలబడి చూపించమంటున్నారు. తాసిల్దారు తన కూతురి పెళ్ళికి నన్నే ఫోటోలు తీయమన్నాడు. పెళ్ళికి, అక్కా. ఈ మనుషుల్ని చూస్తే ఎంత అసహ్యమో, వాళ్ళు పిలిస్తే అంత సంతోషం. ఇంకొక్క మెట్టు ఎక్కితే బిరుదు.

ఆ ఫోటో ఎలా తీశానో ఎవరికీ చెప్పొద్దు. బావకు కూడా గట్టిగా చెప్పు.

మాల్యాద్రి


ఆత్మకూరు
17 సెప్టెంబరు 1955

మాల్యాద్రీ,

చిరంజీవి అని రాయబోతే చెయ్యి రాలేదు.

బొంబాయి వాళ్ళు అచ్చువేసిన బొమ్మల పుస్తకం ఇక్కడ ప్లీడరు గారింటికి వచ్చింది. అందులో ఉదయగిరి పేరు చూసి ఆయన సంతోషంగా మీ బావకు కబురు పెట్టారు. బొంబాయి కళ్ళు చూద్దామని మీ బావ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తారు. తీరా చూస్తే కళ్ళు మూసే ఉన్నాయి. కింద 'ధ్యానం' అని పేరు. దాని కింద నీ పేరు. ఆమె పేరు ఎక్కడా లేదు.

"అమ్మగారు ఎంత ప్రశాంతంగా ధ్యానంలో ఉన్నారండీ" అన్నారట ప్లీడరు గారు. పాపం ఆయనకేం తెలుసు. మీ బావ పుస్తకం మూసి ఆయన చేతికి ఇచ్చేశారు. ఇంటికి వచ్చి బావి దగ్గర బట్టలతోనే తలకు నీళ్ళు పోసుకున్నారు, మళ్ళీ మైల పట్టినట్టు. తడి గుడ్డలతో వంటింటి గడపలో కూర్చుని నాతో అన్నారు. "మా అమ్మ ఎప్పుడన్నా ఊరికే కూసునిందా కామాక్షీ? ధ్యానం ఏంది ధ్యానం. ఆమె సచ్చిపోయుండాది. అది గూడా తెలీలేదా వాళ్ళకు?" వాళ్ళకు తెలియదు, నా తమ్ముడికి తెలుసు అని చెప్పనా?

ఒకడి ఇల్లు కాలి ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగాడట. ఆ ఇంకొకడు నా తోడబుట్టినవాడు. ఆ పుస్తకం ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఎంతమంది వక్కాకు నములుతూ ఆమె ముఖం తిరగేశారో. థూ. నాకు నిన్ను తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

నువ్వు అబద్ధం ఆడలేదని రాస్తావు, నాకు తెలుసు. కళ్ళు వేయిస్తున్నానని నువ్వు ఎక్కడా రాయలేదు. నేను పిచ్చిదానిలా అనుకుని ఊరంతా చాటుకుంటుంటే, ఎడమ కన్ను చిన్నదని వివరంగా రాస్తుంటే, చూస్తూ ఊరుకున్నావు. అబద్ధమాడినా నాకు ఇంత రోత పుట్టేది కాదు.

ప్లేటూ ప్రింటూ రెండూ పంపు. వేరే మాట రాయకు.

కామాక్షమ్మ


ఉదయగిరి
2 అక్టోబరు 1955

అక్కా,

వేరే మాట రాయొద్దన్నావు. రాయక తప్పదు.

నువ్వు తిట్టినవన్నీ పడతాను. కానీ నా స్థితి కూడా చూడు. చావింటి కుర్చీలు చూసి చూసి నాకు అన్నం రుచి పోయింది. పెట్టె పట్టుకుని వీధిలో నడిస్తే ముసలివాళ్ళు లోపలికి పోయి తలుపు వేసుకుంటారు. నా కూతురికి బడిలో పిల్లలు పెట్టిన పేరేంటో నీకు రాయను. ఈ బిరుదు ఒక్కటి వస్తే ఇక జన్మలో శవం ముందు కెమెరా పెట్టను. ఇంత దగ్గరికి వచ్చి చేజార్చుకోమంటావా?

సంఘం వాళ్ళు ఒక షరతు పెట్టారు. పతకం వచ్చిన ఫోటో ఏదో గాలివాటుగా కుదిరింది కాదని రుజువు కావాలట. అందుకని అదే మనిషిని, కళ్ళు తెరిచి ఉండగా, ఇంకో ఫోటో తీసి ఏడాది చివరికి పంపాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి బిరుదు సంగతి తేలుస్తారు. అదే మనిషిని నేను ఎక్కడి నుంచి తెచ్చేది?

అక్కాచెల్లెళ్ళు ఒకే అచ్చు అని నువ్వే రాశావు. సుబ్బరత్నమ్మగారిని ఒక్కసారి కూర్చోబెట్టు. ఎవరికీ తెలియదు.

ప్లేటు బొంబాయి నుంచి తిరిగి వచ్చి నా దగ్గరే ఉంది. ఆమె కూర్చుంటే, తీర్పు రాగానే ప్లేటూ ప్రింటూ మీ చేతికి ఇస్తాను. కొండయ్యతో ఎలాంటి కళ్ళు కావాలంటే అలాంటివి వేయించుకోండి, నోరెత్తను. ఈలోపు బయటికి వస్తే నాకు ముప్పు, అందుకే ఇవ్వలేను. కూర్చోకపోతే మాత్రం ప్లేటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇది బెదిరింపు అని నువ్వు అంటావు. రాస్తుంటే నాకూ అలాగే వినిపించింది. కొట్టేయలేదు.

మాల్యాద్రి


ఆత్మకూరు
19 అక్టోబరు 1955

మాల్యాద్రీ,

నీ జాబు చిన్నత్తకు మొత్తం చదివి వినిపించాను. ఒక్క ముక్క దాచలేదు. ఆమె చింతగింజలు ఏరుతూ వింది.

"అక్కను అమ్ముకున్యాడు, ఇప్పుడు చెల్లెల్ని అడుగుతుండాడు" అంది. ఒళ్ళోని గింజలు చాటలో పోసి, "పోనీ, కూసుంటాను. ఆయుస్సు తగ్గితే తగ్గనీ. నేనుండి ఎవుర్ని ఉద్ధరించాల? ఆ బిడ్డికి వాళ్ళమ్మ మొగం కావాల గదా" అంది. ఆ బిడ్డ అంటే మీ బావ. తల నెరిసిన మనిషి ఆమెకు ఇంకా బిడ్డే.

ఈ బేరం ఆయనకు చెప్పలేదు. చెబితే ప్లేటు వద్దు పొమ్మంటారు, తర్వాత చాటుగా ఏడుస్తారు. వచ్చే వారం ఆయన సరుకు కోసం నెల్లూరు పోతారు. ఆ రోజు రా. వచ్చినవాడికి అన్నం పెట్టకపోతే నాకు పాపం గనక విస్తరి వేస్తాను. మాట్లాడతానని మాత్రం అనుకోకు.

కామాక్షమ్మ


ఉదయగిరి
21 జనవరి 1956

అక్కా,

తిరిగొచ్చింది. బిరుదు లేదు.

వాళ్ళు రాసింది ఉన్నదున్నట్టు కిందికి దించుతున్నాను. 'రెండవ ఫోటోలో ముఖం నిర్జీవంగా ఉన్నది. కళ్ళు తెరిచి ఉన్నా చూపు లేదు. మొదటి దానిలో తొణికిసలాడిన ప్రాణం ఇందులో బొత్తిగా కానరాదు. అది కేవలం అదృష్టవశాత్తు కుదిరినదని భావిస్తున్నాము.'

శవంలో ప్రాణం కనిపించిందట. బతికున్న మనిషిలో కనిపించలేదట. కొండయ్యను బొంబాయి పంపి వీళ్ళకే కళ్ళు వేయించాలి.

నేనేం తక్కువ చేశాను చెప్పు. నువ్వు వంటింట్లోంచి బయటికి రాలేదు గనక నీకు తెలియదు. అదే పేముకుర్చీ వేశాను. అదే కిటికీ, రెక్క అంతే ఓరగా. సీతమ్మగారి పెట్టెలోని తెల్లచీరే కట్టుకోమన్నాను. ఒళ్ళు కుదురుగా నిలవాలని నడుముకు పంచె కూడా కట్టాను. వాళ్ళక్క ఎలా కూర్చుందో అలాగే కూర్చోమన్నాను. సుబ్బరత్నమ్మగారు ఎంత మంచి మనిషి అంటే, రెప్ప కూడా వేయలేదు. బతికున్నవాళ్ళు ఎవరూ నా ముందు అంత కదలకుండా కూర్చోలేదు. ఇంతకన్నా ఇంకేం కావాలి వీళ్ళకు?

ఇక చాలు. నాకు బొంబాయి మీద, పతకాల మీద, ఆ మూడు అక్షరాల మీద విరక్తి పుట్టింది. పతకం తీసి గల్లాపెట్టెలో చిల్లర మీద పడేశాను. తాసిల్దారు కూతురి పెళ్ళికి నెల్లూరు నుంచి వేరేవాణ్ణి పిలిపించుకున్నాడు. పతకం వచ్చినవాడు చావింటివాడేనని ఆయన భార్యకు ఎవరో చెప్పారట. పొద్దున దుత్తలూరు నుంచి మనిషి వచ్చాడు. వాళ్ళ నాయనను కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. పోతున్నాను.

మాట ప్రకారం ప్లేటూ ప్రింటూ పార్సెలు చేశాను. పగలకుండా మధ్యలో గుడ్డలు పెట్టాను. రెండో ఫోటో కూడా అందులోనే ఉంది, నాకు దాన్ని చూడాలని లేదు. సంవత్సరీకం ఏనాడో రాస్తే వస్తాను.

మాల్యాద్రి


ఆత్మకూరు
14 మార్చి 1956

మాల్యాద్రీ,

సంవత్సరీకం మొన్న జరిగిపోయింది. ఏనాడో నీకు రాయాలనిపించలేదు.

గోడకు పటం లేదు. ప్రింటు రాగానే కొండయ్య రంగుల పెట్టె పట్టుకుని వచ్చాడు. మీ బావ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఊరోళ్ళంతా చూసేటప్పుడు కళ్ళు మూసుకోని ఉణ్ణింది. ఇప్పుడు నా కోసరం తెరిపించొద్దు కొండయ్యా. పొయ్యిరా" అన్నారు. కొండయ్య కాఫీ తాగి పోయాడు. దీపం ముందు కూర్చుని ఆబ్దికం పెట్టారు. తర్వాత పిండాలతో పాటు ప్లేటూ ప్రింటూ రెండూ పట్టుకుపోయి పెన్నలో కలిపి వచ్చారు. ప్లేటు ముందు మునిగిందట. ప్రింటు కాసేపు తేలిందట, ఆయన అది మునిగేదాకా నిలబడ్డారట.

చిన్నత్తతో నువ్వు చేసిన బేరం కూడా ఆయనకు చెప్పేశాను. ఆ రోజు నేను వంటింట్లో తలుపు చాటున ఎందుకు నిలబడిపోయానా అని నన్ను నేను తిట్టుకోని పూట లేదు. పంచె కట్టావని నీ జాబులో చదివేదాకా నాకు తెలియదు. బతికున్న ముసలామె నడుముకు పంచె బిగించి, అది నీ శ్రద్ధకు గుర్తుగా రాసుకున్నావే, నీకు చెయ్యెలా వచ్చింది?

రెండో ఫోటోను చిన్నత్త అడిగి తీసుకుంది. బొంబాయి వాళ్ళు ఏం రాశారో చెప్పమంది. చదివాను. నువ్వు వాళ్ళను ఎలా తిట్టావో అదీ చదివాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఫోటోను చేతిలో దూరంగా పట్టుకుని చూసి, "వాళ్ళు రాసింది నిజమేలే" అంది.

అదేంటి చిన్నత్తా, అలా అంటావు అన్నాను.

"ఆ పొద్దు మీ తమ్ముడు, 'మీ అక్క ఎట్ట కూసునిందో అట్టనే కూసో' అన్యాడు. ఎట్ట కూసునిందో నాకు తెలీదా? మెడ పట్టుకోనింది నేనే గదా. అట్టనే కూసున్యాను. సచ్చినదాని మాదిర కూసోబెట్టి, పాణం లేదంటే నేను యాణ్ణించి తెచ్చేది?"

చెప్పి ఆ ఫోటోను పొయ్యిలో పెట్టి, దాని మంట మీదే చితుకులు అంటించి, పాలు కాచింది. ఇంటిల్లిపాదికీ కాఫీ ఇచ్చింది.

తాను పోయినప్పుడు కుర్చీ వేయొద్దని మా ఇద్దరి చేతా మాట తీసుకుంది. నీకు కబురు పెట్టొద్దని ఆమె అనలేదు. అది నేను అంటున్నాను.

కామాక్షమ్మ